ప్రేమవిందులో నా ఆకు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోడికూరంటే ప్రాణం. సాయంత్రం పూట కౌల్ బజార్లో కబాబు బండ్ల ముందు నుంచి నడిచొస్తుంటే ఈ రోజుకీ నోట్లో నీళ్ళూరుతాయి. నన్ను చూసి "ఆ యమ్మకేమప్పా, నోరు కట్టేసుకునింది, పుణ్యాత్మురాలు" అనేవాళ్ళకి నా నోటి సంగతి ఏం తెలుసు?

నా పేరు కృపమణి. సిరుగుప్ప హైస్కూల్లో తెలుగు మీడియం పిల్లలకి సైన్సు చెప్తాను. పొద్దున్నే బళ్ళారిలో ఎర్రబస్సెక్కి పోవడం, పొద్దుగూకేసరికి రావడం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళంతా ఒకరొకరుగా విసిగిపోయి ఆ ప్రశ్నే మానేశారు. అమ్మా నాన్నా పోయాక నాకంటూ ఉన్నది ఒక్క తమ్ముడు, నెహెమ్యా. వాడి చదువు కోసం నేను చెయ్యని ప్రయత్నం లేదు. వాడికి చదువు ఎక్కలేదు గానీ ప్రేమ మాత్రం బాగా ఎక్కింది. అక్క అంటే వాడికి అమ్మతో సమానం.

ఆదివారం కంటోన్మెంట్ చర్చిలో ఆరాధన అయిపోగానే వాడి మోటారుసైకిలు నా ముందు వచ్చి ఆగేది. వెనకెక్కి సండూరు రోడ్డు పక్కనున్న వాళ్ళింటికి పోయేదాన్ని. వాడి భార్య వినీల చేసిన కోడికూర తిని, వసారాలో చాపేసుకుని పడుకుని, ఎండ తగ్గాక టీ తాగి వచ్చేదాన్ని. వారం మొత్తానికి నేను మనిషి పక్కన కూర్చుని తినేది ఆ ఒక్క పూటే. మిగతావన్నీ గోడకేసి చూస్తూ తినే పూటలు.

అవి ఇనుప ఖనిజం కోసం చైనావాళ్ళు మా కొండల్ని కొనుక్కుపోతున్న రోజులు. సండూరు రోడ్డు మీద ఎర్రమట్టి లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోయేవి. చెట్లు ఎరుపు, కుక్కలు ఎరుపు, పొద్దున ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎరుపు. లారీ డ్రైవర్లకీ క్యాంపుల్లో కూలివాళ్ళకీ చేతిలో డబ్బాడుతోంది, పూటపూటకీ ముక్క కావాలి. రోడ్డు పొడుగునా ధాబాలు లేచాయి. ఆ ధాబాలకి కోళ్ళు ఎక్కడినుంచి రావాలి? మా నెహెమ్యాలాంటివాళ్ళ షెడ్లనుంచి రావాలి.

మా తాతకి మిషన్‌వాళ్ళు ఇప్పించిన పొలం చెక్క ఒకటి ఆ రోడ్డు పక్కనే ఉంది. అమ్మ బతికున్నన్నాళ్ళూ దాంట్లో జొన్న వేసేది. నెహెమ్యా దాంట్లో కోళ్ళ షెడ్లు వేశాడు. కంపెనీవాళ్ళే పిల్లల్నిస్తారు, మేతనిస్తారు, పెరిగాక వాళ్ళే వచ్చి పట్టుకుపోతారు. నెలన్నర బతుకు ఒక్కో కోడిది. మా వంశంలో ఇంకొకరికి పని చూపించే స్థితికి వచ్చిన మొదటి మనిషి మా తమ్ముడు. గేటుమీద బోర్డులో వాడి పేరు చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. వాడి ముందు ఏడవడం ఇష్టంలేక, అక్షరం తప్పు రాయించావని పోట్లాడాను.

షెడ్లకి నీళ్ళు మా బోరువే. పక్కనున్న పేటలో చేతిపంపు ఎండిపోయింది. అందులో మా బోరు తప్పెంత, గనులవాళ్ళ బోర్ల తప్పెంత అని తేల్చేవాళ్ళెవరూ లేరు. పేట ఆడవాళ్ళు మా గేటు ముందు బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్ళు. నెహెమ్యా గట్టిమనసువాడు కాదు. కోళ్ళకి పట్టడం అయిపోయాక వాళ్ళకీ పైపు వదిలేవాడు. అందరూ వాణ్ణి ధర్మాత్ముడనేవాళ్ళు, నేనూ అలాగే అనుకునేదాన్ని.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం అదంతా తలకిందులైంది. వినీల కూర దించి కంచాలు పెడుతుండగా కరెంటు పోయింది. షెడ్లలో ఫ్యాన్లు ఆగాయి, పైనుంచి నీళ్ళు చిలకరించే పైపులు ఆగాయి. బళ్ళారి ఎండ సంగతి బయటివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఇక రేకుల కింద ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నెహెమ్యా పరిగెత్తి జనరేటర్ వేశాడు. అది కాసేపు దగ్గి ఊరుకుంది. విప్పి చూస్తే ఫిల్టరు నిండా ఎర్రదుమ్ము. నీళ్ళ ట్యాంకరుకి ఫోన్ చేస్తే "వస్తాండాన్నా, లారీల జామ్‌లో ఇరుక్కున్యా" అన్నాడు డ్రైవరు.

నేను షెడ్డులోకి పోయాను. కోళ్ళన్నీ నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. వాటి ఒళ్ళు వాటికే బరువు. కండ పట్టడం కోసమే తయారుచేసిన జాతి, కాళ్ళు ఒంటిని మోయలేవు. నీళ్ళ గిన్నె జానెడు దూరంలో ఉన్నా జరిగి తాగలేక ఉన్నచోటే వాలిపోతున్నాయి. ఒకదాన్ని ఎత్తి గిన్నె దగ్గర పెట్టాను. దాని గుండె నా అరచేతిలో టపటపా కొట్టుకుంటోంది. ముక్కు నీళ్ళలో పెట్టింది గానీ తాగలేదు. అలా చేతిలో ఉండగానే కొట్టుకోవడం ఆగిపోయింది.

పేటనుంచి వచ్చే హనుమంతమ్మ అని ఒకామె, కరెంటు పోకముందే బిందె నింపుకుని, అప్పుడే నెత్తికెత్తుకుని గేటు దాటబోతోంది. మా కేకలకి వెనక్కి తిరిగింది. "ఏందమ్మా, కోళ్ళు సస్తాండాయా?" అంటూ లోపలికొచ్చి బిందెడు నీళ్ళూ వాటిమీద కుమ్మరించింది. ఆమెను చూసి వెనకున్న ఆడవాళ్ళూ వచ్చి కుమ్మరించారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు తాగడానికి, వండుకోవడానికి ఉన్న నీళ్ళు అవే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, ప్రాణాలు పోతుంటే చూడలేక పోశారు.

ఏ నాలుగో తప్ప ఏమీ దక్కలేదు. కోళ్ళ షెడ్డులో ఎప్పుడూ ఒక రొద ఉంటుంది, అలవాటైపోయి మనకి వినబడదు. అది ఆగినప్పుడు చెవులు మూసుకుపోయినట్టయింది. నెహెమ్యా షెడ్డు మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

హనుమంతమ్మ ఉత్త బిందె చంకన పెట్టుకుని గేటు దగ్గర ఆగింది. "ఈ పొద్దుకి ఇంక నీళ్ళు రావు గదా టీచరమ్మా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. వేరే చోటు వెతుక్కోవాలా వద్దా అని తెలుసుకోవడానికి అడిగింది. సైన్సు చెప్పే నోరు నాది, రావని తల మాత్రం ఊపాను.

గనినుంచి జేసీబీ తెప్పించి గుంత తవ్వించారు. కొనప్రాణంతో ఉన్నవాటిని గబగబా కోసి ధాబాలకి పంపేశారు. అవన్నీ అయ్యాక వినీల మమ్మల్ని కూర్చోబెట్టి, మధ్యాహ్నం వండిన కూర వేడిచేసి పెట్టింది. పాపం, ఆమె మాత్రం ఇంకేం చేస్తుంది? నేను ముక్క నోట్లో పెట్టుకున్నాను, నమిలాను గానీ మింగలేదు. లేచిపోయి దొడ్లో ఉమ్మేసి వచ్చాను. ఎండదెబ్బ అనుకున్నారు.

ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు పప్పుతోనూ చారుతోనూ గడిపేశాను. కడుపు బాగాలేదని చెప్పాను. షెడ్లలోకి కొత్త పిల్లలొచ్చాయి, మళ్ళీ రొద మొదలైంది. ఒకరోజు నెహెమ్యా కంచం ముందు కూర్చుని నావైపు సూటిగా చూశాడు.

"నీ కడుపు కాదక్కా, నీ మనసు బాగలేదు. చెప్పు, ఏందో."

చెప్పాను. నాకు మెత్తగా మాట్లాడడం చేతకాదు. క్లాసులో చెప్పినట్టే చెప్పేశాను.

"అమ్మ ఈ చెక్కలో జొన్న ఏసేదిరా. ఇంటిల్లిపాదీ అదే తినేవాళ్ళం. ఇప్పుడు యాడాడి మొక్కజొన్నా లారీలకెత్తి తెచ్చి కోళ్ళకి పోస్తాండాం. సిరుగుప్పలో నూకలు మేతకి పోతాంటే నేను దినామూ చూస్తాండా. మనుషులు తినే గింజ అది. అంత గింజ పోసి, అన్ని నీళ్ళు పట్టి, కడాకి కంచంలోకి వచ్చేదెంత? దాంట్లో సగం ధాబాలో వాడు కొరికి పారేస్తాండాడు. హనుమంతమ్మ బిందె మాత్రం గేటు ముందర ఉత్తదే ఉండాది. ఆ కోళ్ళేమన్నా కోళ్ళ మాదిరి బతికినాయా? ఒక్కనాడు మట్టి గీరినాయా?"

"అయితే మూసేయమంటావు."

"మూసేయమని ఎవురన్యారు? మానమని గూడా అంటాంలేదు. తగ్గించుకుందామంటాండా. పండక్కి తిందాం, పదిమందితో తిందాం. దినామూ ఎందుకురా?"

వాడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "తాత కాలంలో మనకి ముక్కంటే ఏందో తెలుసునా అక్కా? పెద్దోళ్ళ ఇంట్లో గొడ్డు చస్తే లాక్కొచ్చుకునేది. అదే పండగ. ఇప్పుడు మన కోడి, మన కత్తి, మన కుర్చీలో కూచొని తింటాండాం. మనం దినామూ తినే రోజు వచ్చేసరికి నీకి తగ్గించేది గుర్తొచ్చిందా?"

వాడు చెప్పింది నిజం, నేను చెప్పింది కూడా నిజం. రెండూ ఒకే కంచంలో ఎలా సర్దాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"గనులోళ్ళు కొండలకి కొండలు మింగుతాండారు. వాళ్ళనడగవు. నా కోళ్ళే దొరికినాయి నీకి" అన్నాడు మళ్ళీ.

"వాళ్ళు నా తమ్ముళ్ళు కాదురా."

"తమ్ముడని తెలుసు గదా. మరి బాపనమ్మ మాదిరి మాట్లాడతాండావే" అనేసి చెయ్యి కడుక్కున్నాడు. వినీల నా చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినకుండా నేను రోడ్డుమీదికొచ్చి బస్సెక్కాను. తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక మెట్లమీద నిలబడి చాలాసేపు చూశాను. మోటారుసైకిలు నా ముందు ఆగలేదు.

కష్టాలొస్తే గుంపుగానే వస్తాయేమో, అదే నెలలో నా ఇల్లు పోయింది. నేను అద్దెకున్న ఇంటిని గనుల ఆఫీసు కోసం ఎవరో కొనేసి ఖాళీ చెయ్యమన్నారు. ఊరు ఊరంతా అప్పుడు అదే గోల, అద్దెలు ఆకాశాన్నంటాయి. చివరికి కౌల్ బజారు వెనక సందులో హొన్నప్ప అనే లింగాయతు పెద్దాయన మేడమీద గది దొరికింది. "ఒంటి ఆడమనిషి, టీచరు, మాకేం బేజారు లేదు మేడమ్. నాన్‌వెజ్ మాత్రం లోపలికి రాకూడదు" అన్నాడు. నేను ఎలాగూ వండడంలేదు కదా అని సరేనన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

చర్చి సంఘంలో ఈ రెండింటినీ కలిపి కుట్టేశారు. కృపమణి ఇల్లు కోసం నీచు మానేసిందంట. లింగం కట్టించుకుంటుందంట. ఆమెకిప్పుడు మనమంటే మైలంట. ఈ మాటలు నా వరకు రాకుండా ఆగలేదు. పాస్టరు దేవకుమార్ గారు మంచివారు, నన్ను పక్కకు పిలిచి "ఏదైనా మొక్కుందా అమ్మా?" అని అడిగారు. మొక్కు కాదండీ, నీళ్ళు, గింజలు, ఎండకి చచ్చిన కోళ్ళు అని చెప్పబోయాను. ఆయన "దేవుడు మీ మనసుకు నెమ్మదినిచ్చును గాక" అని దీవించి పంపేశారు. మా వాళ్ళలో మాంసం మానేసిన మనిషంటే రోగమన్నా ఉండాలి, మతమన్నా మారి ఉండాలి. మూడో కారణం ఎవరి ఊహకీ అందదు.

అప్పటినుంచి నా ఆదివారాలు ఎలా ఉండేవో చెప్పమంటే, వాసన లేని ఆదివారాలు అంటాను. మా పాత వీధిలో ఆరాధననుంచి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ మసాలా వేగుతుండేది. ఆ వాసన నడుమ నుంచి నడిచొస్తే ఇల్లు చేరినట్టుండేది. ఈ సందులో ఆదివారమూ మంగళవారమూ ఒక్కటే. నేను చిన్న గిన్నెలో అన్నం పడేసి, ఒక వంకాయ కోసుకుని, స్టవ్వు దగ్గరే నిలబడి తినేసేదాన్ని. కూర్చుంటే ఎదురుగా ఎవరూ లేరన్నది ఎక్కువ తెలుస్తుంది. హొన్నప్ప భార్య పండగలకి హోళిగెలు, అదే బొబ్బట్లు, తెచ్చిచ్చేది. ఆమె మంచిదే. నా గది వాకిలి దగ్గరే నిలబడి ఇచ్చేది, లోపలికి మాత్రం వచ్చేది కాదు.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం నెహెమ్యానే వచ్చాడు. కింద వాడి మోటారుసైకిలు చప్పుడు నేను గుర్తుపట్టి, చీర సర్దుకుని, చాప పరిచి, రెండు కంచాలు కడిగాను. వాడు పైకి రాలేదు. కింద మాటలు వినబడ్డాయి. మెట్లమీదికొచ్చి చూస్తే వాడి చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది, ఎదురుగా హొన్నప్ప ఉన్నాడు.

"నువ్వు పైకి పోప్పా, నువ్వు రావద్దని నేనన్లేదు. క్యారియర్ మాత్రం బయట నీ బండిమీద పెట్టి పో. లోపల దేవరగుడి ఉండాది" అంటున్నాడు హొన్నప్ప. గొంతు కూడా పెంచలేదు.

తర్వాత వినీల చెప్పింది. పై గిన్నెలో నాకోసం వంకాయ కూర, కింది గిన్నెలో వాడికి కోడికూర. నేను నాది తింటాను, వాడు వాడిది తింటాడు, పక్కపక్కన కూర్చోవచ్చు అని వాడే ఆలోచించి కట్టించుకొచ్చాడట. అప్పుడు నాకది తెలియదు. తెలిసినా తెలియకపోయినా నేను చెయ్యాల్సింది ఒకటే, దిగిపోయి వాడితోపాటు రోడ్డుమీదికి నడవడం. నేనేమో నా అలవాటు ప్రకారం హొన్నప్పతో వాదనకి దిగాను. మనుషుల గురించీ మర్యాద గురించీ గొంతు చించుకుంటున్నాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెహెమ్యా అన్నాడు.

"వద్దులే అక్కా. ఈ మెట్లెక్కేకి నువ్వు ఏం వదులుకున్యావో చూసినా. నేను అంత వదులుకోలేను."

బండి తిప్పుకుని పోయాడు. క్యారియర్ హ్యాండిలుకి వేలాడుతూనే ఉంది. నేను నిలబడిపోయిన చోటికి హొన్నప్ప వచ్చి ఓదార్చాడు. "మీరు ఫీల్ కావద్దు మేడమ్. మీరు వేరే. నీవు నమ్మోరే ఆగ్బిట్రి." మీరు మావాళ్ళే అయిపోయారు అని ఆయన మెచ్చుకోలు. ఒక పెద్దాయన మీద చెయ్యి చేసుకోవాలని నాకు బతుకులో మొదటిసారి అనిపించింది. వేరే ఇల్లు కోసం ఆ వారమంతా తిరిగాను. దొరకలేదు.

పడుకుని ఆలోచించేదాన్ని. నేను కోరుకున్నదేమిటి? ఆ బిందెలు ముందు నిండాలని, కోడికి కోడి బతుకు ఉండాలని, తినే ముక్కకి విలువుండాలని. వాళ్ళు మెచ్చుకుంటున్నదేమో నేను శుభ్రపడ్డానని. ఈ రెండూ బయటినుంచి చూస్తే ఒకేలా కనబడతాయి, కంచంలో పప్పు అన్నమే. నా లోపలున్నది ఎవరికి విప్పి చూపించను? నాకు న్యాయంగా తోచిన ఒక్క పని చేసినందుకు నా వాళ్ళందరూ ఏటికి అవతల, నేను ఇవతల అయిపోయాం.

నవంబరులో కోత పండుగ వచ్చింది. మా సంఘంలో అది క్రిస్మస్ తర్వాత అంత పెద్దది. ఎవరి పంట వాళ్ళు తెచ్చి చర్చి ముందు పెడతారు, వేలం వేస్తారు, ఆఖర్న ప్రేమవిందు. ఆ విందుకొక కట్టుబాటుంది. మా ముత్తాతలు ఊళ్ళో పెద్దిళ్ళ పెళ్ళిళ్ళకి పోతే, అందరూ తిని లేచాక కొట్టం పక్కన వేరేగా ఆకులు వేసి, ఎత్తునుంచి వడ్డించేవాళ్ళట. బాప్తిస్మం తీసుకున్న ఏడు వాళ్ళు కూర్చుని తీర్మానం చేసుకున్నారు. మన విందులో ఒకే గుండిగ, ఒకే వరస. ఆఫీసరైనా చెత్త ఊడ్చేవాడైనా వచ్చిన వరసలో కూర్చోవాల్సిందే, గుండిగలో ఉన్నదే తినాల్సిందే. ఎవరికీ వేరే వంట లేదు, వేరే చోటు లేదు. నా చిన్నప్పటినుంచి దీన్ని ఒక్కరు కూడా తప్పలేదు.

ఈ ఏడు విందుకి కోళ్ళు నెహెమ్యా ఇస్తున్నాడని తెలిసింది. షెడ్లు మళ్ళీ నిలబడినందుకు కృతజ్ఞతగా ఇస్తున్నాడట. వడ్డించేది కూడా వాడే.

నేను తింటానని నిర్ణయించుకున్నాను. ఇది ఓడిపోవడం కాదు, నేను మొదటినుంచి అంటున్నది ఇదే కదా. ఏడాదికి ఒకసారి, అందరితో కలిసి, ఎవరి చేతినుంచి వచ్చిందో తెలిసిన ముక్క. ఇంట్లో తినను, ధాబాలో తినను, కానీ ఈ గుండిగలో నా పాలు నేను వదులుకోను. వాడి చేతి గరిటె ముందు ఆకు పట్టి "వెయ్యరా" అంటాను. దానికంటే పెద్ద మాట మా ఇద్దరి మధ్యా అక్కర్లేదు. ముందుగా కబురు పెడితే బాగుండేదేమో, నేను ఎవరికీ చెప్పలేదు. వాడి మొహం చూడాలని చిన్నపిల్లలా ఆశపడ్డాను.

ఆ రోజు చర్చి ఆవరణలో షామియానా కింద వరసగా విస్తర్లు వేశారు. మసాలా వాసన గేటుదాకా వచ్చింది. ఎన్నాళ్ళకో ఆదివారం ఆదివారంలా ఉంది. నేను వరస చివర ఖాళీ చూసుకుని కూర్చోబోతుంటే వినీల పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఈడ కాదు వదినా, నువ్వు రా."

మొహం వెలిగిపోతోంది ఆమెది. నన్ను షామియానా దాటించి చర్చి గోడ పక్కకి తీసుకుపోయింది. అక్కడ ఒక బల్ల, తెల్లగుడ్డ, ఒక కుర్చీ. బల్లమీద లేత అరిటాకు. పక్కన మూతలు పెట్టిన చిన్న చిన్న స్టీలు గిన్నెలు. పప్పు, గుమ్మడికాయ కూర, పెరుగన్నం. కౌల్ బజార్నుంచి శాకాహార వంటమనిషిని పిలిపించి, వేరే పొయ్యిమీద, కొత్త గిన్నెల్లో వండించారట.

"మీ తమ్ముడే దగ్గరుండి చేయించినాడు వదినా. మన గరిటె గూడా తగలనీలేదు."

పాస్టరుగారు మైకులో చెప్పారు. మన సంఘ చరిత్రలో మొదటిసారిగా ఒక సహోదరి మనస్సాక్షిని గౌరవించి కట్టుబాటును సడలించామని, అక్కాతమ్ముళ్ళ ప్రేమకి ఇది నిదర్శనమని. అందరూ చప్పట్లు కొట్టారు. "తమ్ముడంటే ఇట్లుండాలప్పా" అని ఎవరో అన్నారు. గుండిగ దగ్గర నెహెమ్యా నావైపు చూసి తల వంచుకున్నాడు. హొన్నప్ప ఇంటి మెట్ల దగ్గర అన్నమాటకి వాడు నన్ను అడుగుతున్న క్షమాపణ అది. ఎంత ప్రేమగా వేశాడో ఆ వేరే ఆకు.

నేను ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. అరిటాకు తీసుకుని, షామియానా కిందికొచ్చి, ఇందాక చూసుకున్న చోటే నేలమీద కూర్చున్నాను. నా పక్కన పేరు తెలియని ఒక ముసలామె, పల్లెనుంచి వచ్చినట్టుంది. వడ్డన మొదలైంది. నెహెమ్యా బకెట్టు పట్టుకుని ఒక్కో ఆకుకీ వంగుతూ వస్తున్నాడు. నా ముందుకొచ్చి ఆగాడు. నేను ఆకు కొంచెం ముందుకి జరిపాను.

"వెయ్యరా."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వద్దక్కా. నాకోసరమని నీ నియమం చెడగొట్టుకోవద్దు. నేను నొచ్చుకోలేదు. నిజంగా."

"నియమం లేదురా, ఏం లేదు. ఆకలైతాండాది. వెయ్యి."

"నాకి తెలుసులే నీ మనసు. నీకి వేరే పెట్టించినా గదా, పోయి ఆడ కూచోని కడుపునిండా తిను." నా భుజంమీద ఎడమచేత్తో ఒకసారి తట్టాడు. వెనకున్నవాళ్ళు తొందరపెడుతున్నారు. వాడు నన్ను దాటి పక్క ఆకుమీదికి వంగి రెండు గరిటెలు వేశాడు.

ముసలామె తన విస్తరిని రెండు చేతులతో పట్టుకుని అవతలికి లాక్కుంది. తనూ జరిగి కూర్చుంది. "మా పులుసు మీ ఆకుకి తగుల్తాదేమోనమ్మా" అంది, ఎంతో మర్యాదగా.

నాకు ఏడుపొచ్చింది. అంతలో పాస్టరుగారు భోజన ప్రార్థనకి అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. అందరికంటే ముందు నేనే మూసుకున్నాను.